చల్లని చూపు... కోల్డ్ లుక్ కాదు!

తెర అడుగున కనిపించే రెండు లైన్ల ఇంగ్లిషు... చూడ్డానికి చిన్నదే. కానీ అందులో ఒక్క మాట తప్పు పడితే ప్రేమ సన్నివేశం చుట్టరికాల చిక్కుముడి అవుతుంది. దీవెన కాస్తా చీదరింపుగా మారుతుంది. ఫిల్మ్‌నగర్ నుంచి ప్రపంచమంతా తిరిగొస్తున్న మన సినిమాలకు సరైన ఇంగ్లిషు మాట వెతకడం ఎంత కష్టమో చూద్దామా!

2023 మార్చి 12. లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్. 'నాటు నాటు' పాటకు ఆస్కార్ అందుకున్న కీరవాణి మైకు ముందుకొచ్చారు. తాను 'కార్పెంటర్స్'ను వింటూ పెరిగానని చెప్పి, 'టాప్ ఆఫ్ ద వరల్డ్' వరసలో తన మనసులోని మాటను పాడి వినిపించారు. హాలంతా చప్పట్లు!

ఇక్కడ మాత్రం కొందరికి ఆ మాట వేరేలా వినిపించింది. కార్పెంటర్స్ అంటే వడ్రంగులే కదా... వాళ్ల చప్పుళ్లు వింటూ పెరిగారు కాబోలు అన్న అర్థంలో అనువాదాలు చెలామణి అయిపోయాయి. నిజానికి ఆయన చెప్పింది 1970ల్లో అమెరికాను ఊపేసిన ఓ సంగీత జంట గురించి. అన్న రిచర్డ్ కార్పెంటర్, చెల్లెలు కారెన్ కార్పెంటర్. ఆ తర్వాత రిచర్డ్ తన కూతుళ్లతో కలిసి అదే వరసలో అభినందనలు పాడి వీడియో పెడితే, పాట ఎవరిదో అందరికీ తెలిసింది.

ఇంగ్లిషులో రాస్తే మొదటి అక్షరం పెద్దదిగా ఉంటుంది. అది పేరని కన్ను పట్టేస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. తెలుగు లిపిలోనైతే పెద్దక్షరం, చిన్నక్షరం అన్న గొడవే లేదు. మాట అర్థం నిఘంటువులో వెతికితే 'వడ్రంగి' అనే దొరుకుతుంది. కానీ ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నారో చూస్తేనే 'పాట' దొరుకుతుంది.

నవ్వుకున్నాం, బాగానే ఉంది. అయితే అటు నుంచి ఇటు వచ్చిన ఒక్క మాటకే ఇంత జరిగితే, ఇటు నుంచి అటు వెళ్లే వేల మాటల సంగతేంటి? జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్‌లలోని ఎడిటింగ్ గదుల నుంచి బయటికెళ్లే సినిమాలకు ఇప్పుడు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు తప్పనిసరి అయిపోయాయి. సినిమా తయారీలో దాదాపు ఆఖరి పని అది. డబ్బింగ్ అయ్యి, డైలాగులన్నీ ఖాయమయ్యాకే మొదలవుతుంది. ఇక అమెరికా ప్రీమియర్లు చాలాసార్లు మన మొదటి ఆట కంటే ముందే పడతాయి. అంటే పని మొదలయ్యేది అందరికంటే ఆలస్యంగా... పూర్తి కావాల్సింది అందరికంటే ముందుగా!

మూడు సెకన్లు... 50 అక్షరాలు

సబ్‌టైటిల్ రాయడమంటే అనువాదం ఒక్కటే కాదు. అదో లెక్క. తెర మీద ఒకసారికి రెండు లైన్లకు మించి ఉండకూడదు. లైనుకు సుమారు 42 ఇంగ్లిషు అక్షరాలు... ఖాళీలూ కామాలతో సహా! ప్రేక్షకుడు సెకనుకు 17 నుంచి 20 అక్షరాలు చదవగలడని ఓ అంచనా. ఓటీటీ సంస్థలు పాటించే కొలతలు దాదాపు ఇవే.

ఈ లెక్కన మూడు సెకన్ల డైలాగుకు దొరికేది 50, 60 అక్షరాలు. కథానాయకుడు ఊపిరి తీసుకోకుండా నాలుగు ప్రాసలతో పేల్చిన పంచ్ డైలాగును అందులో ఇరికించాలి. ప్రేక్షకుడు అది చదివి, పైకి చూసి, నటుడి మొహంలో కోపం కూడా గమనించాలి. కాబట్టి ప్రతి మాటా అనువదిస్తానంటే కుదరదు. ఏ మాట వదిలేస్తే సన్నివేశం కూలిపోతుందో తెలిసినవాడే మంచి అనువాదకుడు.

'అన్నం తిన్నావా?' అని తల్లి అడిగింది. అందులో అన్నం, అంటే రైస్, ముఖ్యం కాదు. 'హావ్ యూ ఈటెన్?' చాలు. అదే కరవు నేపథ్యంలో వచ్చే కథలో, జొన్న సంకటితో కడుపు నింపుకొనే ఇంట్లో పిల్లాడు 'అన్నం కావాలి' అంటే? అక్కడ రైస్ అనే రాయాలి. ఎందుకంటే ఆ ఇంట్లో వరి అన్నం పండగనాటి మాట. పదం ఒకటే, పనులు రెండు!

బావను ఏమని పిలవాలి?

మన సినిమాల్లో ఇంగ్లిషుకు కొరుకుడుపడని మొదటి మాట... బావ. నిఘంటువు తీస్తే 'బ్రదర్ ఇన్ లా' అని ఉంటుంది. మరదలు పైట కొంగు వేలికి చుట్టుకుంటూ 'బావా...' అంటే, కింద 'బ్రదర్ ఇన్ లా' అని పడితే ఏమవుతుంది? అమెరికాలో చూసేవాడు ఉలిక్కిపడతాడు. అక్క మొగుణ్ని ప్రేమిస్తోందా ఈ అమ్మాయి అనుకుంటాడు. పోనీ 'కజిన్' అందామా? మేనరికం తెలియనివాడికి అదింకా ఇబ్బంది.

వరసలు మనకు లెక్కలేనన్ని. అత్త, మేనత్త, పిన్ని, పెద్దమ్మ, దొడ్డమ్మ... అక్కడ అందరూ ఆంటీలే. బాబాయి, పెదనాన్న, మేనమామ... అందరూ అంకుళ్లే. ఇంగ్లిషు పేదదని కాదు. వాళ్లకు ఆ తేడాతో పని పడలేదు, అంతే. చైనీస్ భాషను చూడండి... తండ్రి అన్నదమ్ముల పిల్లలకో మాట, మిగతా కజిన్స్‌కో మాట విడివిడిగా ఉన్నాయి. బి.ఎన్.రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' (1951) రెండేళ్ల తర్వాత చైనాలో, చైనీస్ సబ్‌టైటిళ్లతో ఆడింది. భానుమతి నోట వినిపించే 'బావ' పిలుపే ప్రాణమైన ఆ కథను చెప్పడానికి ఇంగ్లిషు కన్నా చైనీసే కాస్త అనువైన భాషేమో!

మరి ఇంగ్లిషులో దారేది? సన్నివేశాన్ని బట్టి మూడు దారులు. ప్రేమ సన్నివేశమైతే వరస వదిలేసి కథానాయకుడి పేరు వేయొచ్చు. పెళ్లింట్లో అక్క మొగుణ్ని ఆటపట్టించే సీనైతే 'బ్రదర్ ఇన్ లా' చక్కగా సరిపోతుంది. వరసే కథకు ఆయువుపట్టైతే మాత్రం 'బావ' అన్న మాటను అలాగే ఉంచేయాలి. రెండోసారి వినేసరికి ప్రేక్షకుడికి అర్థమైపోతుంది.

కూతుర్ని 'అమ్మా' అని పిలిచే నాన్న, కొడుకుని 'నాన్నా' అని లాలించే అమ్మ... వీళ్లకూ ఇదే చిక్కు. అక్కడ 'మదర్', 'ఫాదర్' అని పడితే కథలో కొత్త పాత్రలు పుట్టుకొస్తాయి! 'స్వీట్‌హార్ట్', 'డియర్', 'మై బాయ్'... ఆ చోటికి ఏది నప్పితే అది. ఇక 'ఏమండీ'కి ఇంగ్లిషులో సరిజోడు లేదు. 'ఎక్స్‌క్యూజ్ మీ' అని రాస్తే, ముప్ఫయ్యేళ్లు కాపురం చేసిన భార్య బస్సులో పక్క సీటాయన్ని పలకరించినట్టు ఉంటుంది.

మన చల్లదనం, వాళ్ల వెచ్చదనం

భాషకు వాతావరణం కూడా ఉంటుంది. మండుటెండల్లో బతికే మనకు చల్లదనం అంటే హాయి. 'చల్లగా ఉండు నాయనా' అంటే దీవెన. 'నీ కడుపు చల్లగుండ' అంటే నీ పిల్లలు క్షేమంగా ఉండాలని. అమ్మవారిది చల్లని చూపు.

మంచులో బతికే ఇంగ్లిషువాడికి వెచ్చదనమే వరం. అందుకే 'వార్మ్ వెల్‌కమ్', 'వార్మ్ హార్టెడ్'. 'కోల్డ్ లుక్' అన్నాడంటే అది మొహం చిట్లించుకున్న చూపు. మనవాళ్ల 'చల్లని చూపు'ను మాటకు మాటగా 'కోల్డ్ లుక్' అని రాస్తే అమ్మవారికి కోపం వచ్చిందని అర్థం! అక్కడ 'కైండ్ ఐస్' అనో 'వార్మ్ గేజ్' అనో రాయాలి. చల్లనిది వెచ్చనిది కావాలి. మాట తలకిందులైతేనే భావం నిటారుగా నిలబడుతుంది.

ఇంకొకటి... ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు 'వెళ్తున్నా' అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. 'వెళ్లొస్తా' అనాలి. తిరిగి రావాలన్న కోరిక ఆ మాటలోనే ఉంది. యుద్ధానికి వెళ్లే కొడుకు పొరపాటున 'వెళ్తున్నా' అన్నాడనుకోండి. తల్లి కళ్లల్లో నీళ్లు ఎందుకు తిరిగాయో 'ఐ యామ్ లీవింగ్' చదివినవాడికి తెలియదు. మొదటిసారి 'ఐ విల్ బి బ్యాక్' అని, ఈసారి 'గుడ్‌బై' అని రాస్తే... ఆ తేడా ఎంతో కొంత చేరుతుంది.

తగ్గడం ఎన్ని రకాలు?

జ్వరం తగ్గుతుంది. ధర తగ్గుతుంది. ఒళ్లు తగ్గుతుంది. వరద తగ్గుతుంది. మనకు అన్నిటికీ ఒక్క క్రియే. ఇంగ్లిషులో జ్వరం 'కమ్ డౌన్' అవుతుంది, ధర 'డ్రాప్' అవుతుంది, బరువైతే 'లూజ్' చేసుకోవాలి, వరద 'రిసీడ్' అవుతుంది. మరి మనిషి తగ్గితే?

'పుష్ప' (2021) పుణ్యమా అని 'తగ్గేదే లే' అన్న చిత్తూరు యాస దేశమంతా మోగింది. దాన్ని 'ఐ విల్ నాట్ రెడ్యూస్' అని ఎవరైనా రాస్తే నవ్వుల పాలే. హిందీలో మాట మార్చేశారు. తగ్గడాన్ని వంగడం చేసి 'ఝుకేగా నహీ' అన్నారు. తల వంచను అన్నమాట. ఉత్తరాది ప్రేక్షకులు దాన్నే తలకెత్తుకున్నారు.

ఇంగ్లిషులో ఇక్కడ నప్పే జాతీయం 'బ్యాక్ డౌన్'. 'ఐ వోంట్ బ్యాక్ డౌన్' అంటే సరిపోతుంది. కానీ జాగ్రత్త! పక్కన చిన్న ముక్క మారితే మనిషే మారిపోతాడు. 'బ్యాక్ డౌన్' అంటే పట్టు సడలించడం. 'బ్యాక్ ఔట్' అంటే ఇచ్చిన మాట తప్పుకోవడం. 'బ్యాక్ ఆఫ్' అంటే దూరం జరగడం. 'బ్యాక్ అప్' అంటే వెనక అండగా నిలవడం. చివర్న తోకలా కనిపించే ఆ ముక్కే మొత్తం అర్థాన్ని మోస్తుంది. ఇంగ్లిషు నేర్చుకునేవాళ్లు పెద్ద పెద్ద మాటల కోసం కష్టపడతారు గానీ, బోల్తా పడేది ఎక్కువగా ఈ చిన్న ముక్కల దగ్గరే.

మూడు 'ఆర్'ల కథ

రాజమౌళి, రామ్‌చరణ్, రామారావు... ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో పెట్టుకున్న తాత్కాలిక పేరు 'ఆర్‌ఆర్‌ఆర్'. అదే ఖాయమైంది. 2020 మార్చి 25న, ఉగాది రోజు, ఆ అక్షరాలకు విడమరుపు బయటికొచ్చింది. తెలుగులో 'రౌద్రం రణం రుధిరం'. ఇంగ్లిషులో 'రైజ్ రోర్ రివోల్ట్'.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రౌద్రం అంటే భీకరమైన కోపం. రణం యుద్ధం. రుధిరం నెత్తురు. ఇంగ్లిషు మాటలేమో లే, గర్జించు, తిరగబడు. ఒక్కటీ అనువాదం కాదు! తెలుగువి మూడూ పేర్లు, ఇంగ్లిషువి మూడూ క్రియల్లా వినిపిస్తాయి. కానీ రెండూ ఒకే పని చేస్తున్నాయి. మూడు దెబ్బల డప్పులా మోగుతున్నాయి, 'ర' పోకుండా కాపాడుతున్నాయి, తెల్లదొరల మీద తిరుగుబాటు కథ అని చెబుతున్నాయి. 'బ్లడ్', 'వార్' అంటూ అర్థం పట్టుకుని వేలాడితే పేరు పోయేది. అర్థాన్ని కాస్త వదిలారు కాబట్టి ఊపు మిగిలింది.

'నాటు'ను ఏమన్నారు?

అసలు పరీక్ష మాత్రం పాటకే. నాటు కోడి, నాటు వైద్యం, నాటు సారా, నాటు పడవ, నాటు బాంబు... ఒక్క మాటకు ఎన్ని రంగులో! కోడి దగ్గర రుచి, వైద్యం దగ్గర అనుమానం, బాంబు దగ్గర భయం. ఇంగ్లిషులో కోడి 'కంట్రీ చికెన్'. వైద్యం 'ఫోక్ మెడిసిన్'. సారా 'కంట్రీ లిక్కర్'. బాంబు దగ్గరకొచ్చేసరికి 'క్రూడ్ బాంబ్' అనాలి. మన ఇంగ్లిషు పత్రికల్లో 'కంట్రీ బాంబ్' అన్నా మనకు తెలుస్తుంది గానీ, అమెరికావాడికి కంట్రీ అంటే గిటార్ పట్టుకుని పాడే పల్లె సంగీతం గుర్తొస్తుంది.

మరి పాటలోని 'నాటు'? 'రస్టిక్' అంటే మ్యూజియంలో వస్తువులా ఉంటుంది. 'నేటివ్' అంటే తెల్లదొరలు మనల్ని చిన్నచూపుతో పిలిచిన మాటే. దొరల విందులో దొరలనే సవాలు చేసే పాటలో ఆ మాట పెడితే ఎట్లా? 'రా' అంటే ఊపు ఉంది, ఊరు లేదు. ఆ పాటను మోస్తున్నది చంద్రబోస్ పేర్చిన పల్లె బొమ్మలు... పోలేరమ్మ, పోతరాజు, మర్రిచెట్టు, జొన్నరొట్టె. ఒక్క ఇంగ్లిషు మాటలో అదంతా పట్టదు.

అందుకే ఆ మాటను నాటుగానే వదిలేశారు. కీవ్‌లోని మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు ఇద్దరు కుర్రాళ్లు ఎగిరి దూకుతుంటే అర్థం అదే తెలిసింది. ఆస్కార్‌లో ఒరిజినల్ సాంగ్ బహుమతి సంగీతానికీ సాహిత్యానికీ కలిపి ఇస్తారు. కీరవాణితో పాటు చంద్రబోస్‌కూ ప్రతిమ దక్కింది. అనువదించని ఓ తెలుగు మాట అంత దూరం వెళ్లి గెలిచొచ్చింది!

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' హిందీ డబ్బింగ్. విదేశాల్లో ఎంతోమంది చూసింది అదే. అంటే తెలుగు మాటకీ, వాళ్లు చదివిన ఇంగ్లిషుకీ మధ్య హిందీ కూడా ఉంది. జూన్ 1న అమెరికా థియేటర్లలో మళ్లీ వేసినప్పుడు సబ్‌టైటిళ్లతో తెలుగులోనే వేశారు. మన గొంతులు మన భాషలో విని చప్పట్లు కొట్టారు.

పుట్టించాల్సిన మాటలు

కొన్నిచోట్ల అనువాదమూ కుదరదు, వదిలేయడమూ కుదరదు. 'మాయాబజార్' (1957) చూడండి. పింగళి నాగేంద్రరావు 'అస్మదీయులు' అన్న సంస్కృత మాటను రాక్షసుల నోట 'అసమదీయులు' చేసి, దానికి జతగా 'తసమదీయులు'ను పుట్టించారు. 'అవర్ పీపుల్', 'దెయిర్ పీపుల్' అని రాస్తే అర్థం వస్తుంది, నవ్వు రాదు. నవ్వు కావాలంటే ఇంగ్లిషులోనూ అలాంటి తప్పు మాటే ఒకటి పుట్టించాలి. 'అస్సర్స్', 'దెమ్మర్స్' లాంటిదేదో! తప్పును ఒప్పుగా దిద్దితే తప్పయ్యే చోటు ఇది.

ఇంగ్లిషులా ఉంటుంది... ఇంగ్లిషు కాదు!

ఫిల్మ్‌నగర్‌లో రోజూ వినిపించే కొన్ని ఇంగ్లిషు మాటలు సముద్రం దాటితే వేరే అర్థం చెబుతాయి.

నేటివిటీ: 'కథలో నేటివిటీ ఉంది' అంటే మట్టి వాసన ఉందని. అక్కడ నేటివిటీ అంటే ఏసుక్రీస్తు పుట్టుక ఘట్టం. 'లోకల్ ఫ్లేవర్' అనాలి.

మాస్: మనకు ఈలలు, కాగితాల వాన. వాళ్లకు చర్చిలో ప్రార్థన, లేదంటే పదార్థం ద్రవ్యరాశి. నేటివిటీ, మాస్... రెండూ ఇంగ్లిషువాణ్ని చర్చికే తీసుకెళ్తాయి!

ఫ్యాక్షన్: అక్కడ ఓ పార్టీలోనో సంఘంలోనో ఉండే చీలిక వర్గం. సీమ సినిమాల్లోని పగలకు 'ఫ్యూడ్' సరైన మాట.

రీ-రికార్డింగ్: మనకు నేపథ్య సంగీతం. హాలీవుడ్‌లో మాటలు, సంగీతం, శబ్దాలు కలిపే చివరి మిక్సింగ్.

కాల్‌షీట్: ఇక్కడ హీరో ఇచ్చే తేదీలు. అక్కడ రేపటి షూటింగ్ వివరాలు రాసి యూనిట్‌కు పంచే కాగితం.

సెంటిమెంట్: 'ఆ నెలలో రిలీజైతే హిట్... అదో సెంటిమెంట్' అంటే అక్కడ 'సూపర్‌స్టిషన్'.

ఇవేవీ తప్పులు కావు. ఇవి తెలుగు మాటలైపోయాయి, అంతే. ఇంగ్లిషువాక్యంలో పెట్టేటప్పుడు మాత్రం వీటినీ అనువదించాలి!

ఎవరి కోసం ఈ తంటా?

సినిమా కదా, బొమ్మ చూస్తే చాలదా అనొచ్చు. చాలదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన పిల్లలు ఎంతోమంది తెలుగు సినిమాను చెవితో కొంచెం, కళ్లతో ఎక్కువ అర్థం చేసుకుంటున్నారు. పక్కన కూర్చున్న అమ్మమ్మ ఏ మాటకు నవ్విందో, ఏ మాటకు కన్నీళ్లు పెట్టుకుందో వాళ్లకు చెప్పేది ఆ రెండు లైన్లే. అక్కడ 'చల్లని చూపు' కోల్డ్ లుక్ అయితే పోయేది ఒక డైలాగు కాదు. అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య ఉన్న వంతెనలో ఓ పలక. వినికిడి లేని ప్రేక్షకులకైతే సినిమా మాట్లాడేదే ఆ అక్షరాల్లో.

ఈ సూత్రం సినిమాకే కాదు. ఉద్యోగానికి దరఖాస్తు రాసేవారికీ, విదేశీ అధికారికి ఈ-మెయిల్ పంపేవారికీ పనికొస్తుంది. ఇంగ్లిషు వాక్యంలో మాట ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? ఇది చేయాల్సిన పని ఏంటి... ఒప్పించడమా, ఓదార్చడమా, సవాలు విసరడమా? చదివేవాడికి దీన్ని చూడగానే మొదట గుర్తొచ్చేదేంటి? ఆ భాషలో పుట్టిన మనిషి ఈ సందర్భంలో ఏమంటాడు?

నాలుగింటికీ జవాబు దొరికితే మాట దొరికినట్టే. దొరకలేదా... మన మాటనే ధైర్యంగా అక్కడ నాటేయండి. మొలకెత్తుతుందేమో, ఎవరు చూడొచ్చారు!